ఎర్ర కారుకు కట్టిన పసుపు కొమ్ము

ఆ వార్త నాకు మొదట తెచ్చింది మా వీధిలో పూలు అమ్మే ఆమె. హిందూపురంలో మేము కాపురమున్న ఇంటి ముందు రోజూ పొద్దున్నే గంప దించి, మూర కొలుస్తూనే ఊరి సంగతులన్నీ చెప్పేది. ఆ రోజు సగం మూర దగ్గరే చెయ్యి ఆపింది.

"ఏమ్మా, మీ షెడ్డులో ఎర్ర కారు నిలబడుకోనుండాది, చూడలేదా? పైన కప్పు లేదు, ఇద్దరు కూచునేదానికే చోటు. దాని మూతి విప్పి కడుపులోదంతా బయటేసినారు. ఇనుప నత్తను తెచ్చి దాంట్లో పెడతారంట."

"నత్తేంది?"

"అట్లనే ఉండాదమ్మా, చుట్ట చుట్టుకోని. నత్తను పెడితే నిదానంగా పోవల్ల గదా? గాలికంటే బిరీన పోతాదంట. ఏం కాలమో ఏమో. ఇదిగో, మూర సరిగ్గా ఉండాదా చూసుకో, మళ్ల తక్కువంటావు."

ఆమె నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. పూలు దేవుని పటానికి పెట్టేటప్పుడు మాత్రం దండ జారి దీపం మీద పడింది. రెండు రేకులు కమిలాయి. ఆ కమిలిన వాసన ఇన్నేళ్లకూ నాకు గుర్తుంది.

మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవారు. నేను బడికి పోలేదు. మగ్గం పక్కన కూర్చోబెట్టుకుని నాయనే పలక మీద అక్షరాలు దిద్దించారు. అవ్వ పాటలు నేర్పింది, పూజ నేర్పింది. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే అది వాళ్లు పెట్టిన భిక్ష. మగ్గం మీద కొత్త పడుగు ఎక్కించిన రోజు అవ్వ పట్టుదారానికి పసుపు పూసి, ఒక పసుపు కొమ్ము ముడివేసి మగ్గం గుంజకు కట్టేది. అది కట్టే వరకు నాయన మగ్గం కింది పలక తొక్కేవారు కాదు. కొత్త పని ఏదైనా సరే, కొమ్ము కట్టకుండా మొదలుపెట్టకూడదని మా ఇంట్లో లెక్క. మేమంతా ఆ నీడలో పెరిగినవాళ్లం.

నన్ను హిందూపురంలో ఒక మెకానిక్కుకు ఇచ్చారు. ఇంటి వెనకే షెడ్డు. లారీలు, బావుల మీది ఆయిలింజన్లు బాగుచేసేవారు మా ఆయన. చేతిలో స్పానరు ఉంటే ఆకలి కూడా గుర్తుండదు ఆయనకు. నేను చెప్పే సంగతి జరిగింది పంతొమ్మిది వందల అరవైల నడిమి. మాకింకా పిల్లలు లేరు. ఆ ఇంట్లో నాకు ఆయన, ఆయనకు నేను.

ఎర్ర కారు చింతపండు, బెల్లం వ్యాపారం చేసే షావుకారు కొడుకుది. బెంగళూరులో చదువుకుని వచ్చినవాడు. దేశం వదిలి పోతున్న ఒక దొర దగ్గర కొన్నాడట. బెంగళూరు అవతల ఒకప్పుడు విమానాలు దిగిన పాత మైదానంలో కార్ల పందేలు జరిగేవి. అక్కడ రెండుసార్లు వెనకబడి వచ్చాడు. మూడోసారి వెనకబడకూడదని పట్టు. ఎక్కడో ఆనకట్ట పని ముగిశాక, మట్టి తవ్వే పెద్ద యంత్రాన్ని విప్పి తుక్కుకింద అమ్మితే, అందులోనుంచి ఈ నత్తను ఏరి తెచ్చాడు. దాన్ని టర్బో అంటారని మా ఆయన చెప్పారు. షెడ్డులో మాత్రం దాని పేరు నత్తే.

అది ఏం చేస్తుందో అన్నం తింటూ నాకు చెప్పారు. "పొగ ఊరికే బయటికి పోతాంది గదా? ఆ పొగను దీంట్లో ఒక చక్రం మీదికి వదుల్తాం. అది తిరిగితే, అదే ఇరుసు మీద ఇంకో పక్కనుండే చక్రం గూడా తిరుగుతాది. అది బయటి గాలిని పీల్చి, అదిమి, ఇంజన్లోకి తోస్తాది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ. మంట ఎక్కువైతే పొగ ఎక్కువ. పొగ ఎక్కువైతే చక్రం ఇంకా జోరు. చక్రం జోరైతే మళ్ల గాలి ఎక్కువ..."

"ఆపేదెవరు?" అన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగి నవ్వారు. "నడిపేవాడు కాలు తీస్తే ఆగుతాదిలేవే. నీకన్నీ అనుమానాలే."

నవ్వారు గానీ, ఆ పూట మజ్జిగ పోయించుకోకుండానే లేచి షెడ్డులోకి పోయారు.

పెద్ద యంత్రానికని చేసిన నత్త అది. చిన్న కారులో దానికి చోటు లేదు. గొట్టాలన్నీ కొత్తగా వంచి అతకాలి. ఆ పని తెలిసిన మనిషి మా చుట్టుపక్కల ఒక్కరే. ధర్మవరంలో రైలింజన్ల దగ్గర పనిచేసి ఉద్యోగం దిగిపోయిన పెద్దాయన. పెనుకొండ నుంచి తాడిమర్రి దాకా ఎవరికి గొట్టం వంచాలన్నా, వెల్డింగు పెట్టాలన్నా ఆయన కోసం కబురు పోయేది. మా ఆయన ఆయన్ను మామా అనేవారు. నేను పెద్దనాయనా అని పిలిచేదాన్ని. పనున్నన్నాళ్లూ షెడ్డులోనే ఉండి మా ఇంట్లోనే తినేవారు.

ఆయన గొట్టం వంచడం నేను దగ్గరుండి చూశాను. ఎండబెట్టిన ఇసుకను జల్లించి, గొట్టం నిండా పోసి, దట్టంగా కూరి, రెండు మూతులూ కట్టెముక్కలతో బిగించేవారు. అప్పుడు కాల్చి వంచితే నలగకుండా ఏనుగు తొండంలా వంగుతుంది. తరువాత ఇసుక తీయాలి. అసలు పని అదే అనేవారు. కొయ్య సుత్తితో చుట్టూ తట్టి, తీగకు గుడ్డ కట్టి ఇటునుంచి అటు మూడుసార్లు లాగి, చివరికి చిన్న ఇనుప గోలీ ఒకటి లోపల వదిలేవారు.

కారు ముందు దీపం పక్కనుంచి నత్త దాకా పోయే గొట్టం ఒకటి ఉంది. గాలి పీల్చేది అదే. దాన్ని వంచిన రోజు నన్ను పిలిచారు.

"రామ్మా, చెవి పెట్టి విను. వీనికి చెవులు లారీ చప్పుడుకు పోయినాయి."

"నా చెవులు బాగుండాయిలే మామా," అన్నారు మా ఆయన. "నీ నోరే తక్కువ పనిచేస్తే బాగుంటాది."

నేను చెవి ఆనించాను. గోలీ ఒక మూతి నుంచి ఇంకో మూతి దాకా గీరుకోకుండా, గాజు మీద దొర్లినట్టు దొర్లింది.

"ఏమన్నా గరగర అన్నిందా?"

"లేదు పెద్దనాయనా."

"ఇసుక రేణువు మిగిలినా అది ఏడుస్తాదమ్మా. నలభై ఏండ్లలో ఒక్కసారి గూడా ఏడవనియ్యలేదు," అన్నారు. ఆ ముఖంలో గర్వం చూడముచ్చటగా ఉండేది.

నత్తను బిగించి మొదటిసారి ఇంజను వేసిన రోజు వీధి జనమంతా షెడ్డు ముందు చేరారు. మొదట మామూలు చప్పుడే. షావుకారు కొడుకు కాలు అదిమే కొద్దీ దాంట్లోనుంచి సన్నటి ఈల ఒకటి లేచింది. రైలు కూతలా కాదు. పళ్ల నరాలు జివ్వుమనేలా ఉంది. పొగ గొట్టం మొదలు చూస్తుండగానే నిప్పుకణికలా ఎర్రబడింది. పట్టపగలు, ఎండలో, ఎర్రగా కనబడింది. లారీ కింద ఎప్పుడూ పడుకుని ఉండే కుక్క లేచి, తోక ముడుచుకుని రోడ్డు దాటి పోయింది. ఎంత పిలిచినా ఆ రోజు అన్నానికి రాలేదు.

గాలి పీల్చే మూతికి పెద్దనాయన ఒక తీగజాలి బిగించి ఉన్నారు. మా ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఊరి బయట ఒక చుట్టు తిరిగి వచ్చి షావుకారు కొడుకు, జాలి వల్ల కారుకు ఊపిరి ఆడలేదన్నాడు. విప్పించేశాడు.

"వద్దప్పా," అన్నారు పెద్దనాయన. "మూతికి అడ్డం లేకుంటే దారిలో కప్పను గూడా మింగుతాది."

"మింగనీ తాతా, కప్పను మింగితే ఇంకా బాగా ఎగురుతాది."

అందరూ నవ్వారు. పెద్దనాయన జాలిని తుడిచి మూలన మేకుకు తగిలించారు. "రేపు కొంచెం వెడల్పు కండ్లది ఇంకొకటి చేస్తాలే" అని ఎవరికీ కాకుండా గొణుక్కున్నారు.

ఆ రేపే అసలు పరీక్ష అని సాయంత్రం తెలిసింది. తెల్లవారగానే, ఎద్దులబండ్లు రోడ్డెక్కకముందే, పెనుకొండ దాకా పోయి రావాలి. షావుకారు కొడుకు నడుపుతాడు. పక్కన కూర్చుని మీటర్ల ముళ్లు చూసేది మా ఆయన.

"మీరు పోవద్దు," అన్నాను. పెళ్లయ్యాక ఆయనకు వద్దు అని చెప్పడం అదే మొదలు.

"నేను బిగించినదాన్ని నేనే నమ్మకపోతే ఎవరు నమ్ముతారే?"

"ఎట్లుంటాదో ఒక్కసారి చెప్పండి. ఊరి బయటికి పోయినప్పుడు ఎట్లుండె?"

ఆయన చేతి నూనె గుడ్డకు తుడుచుకున్నారు. "కాలు అదిమితే మొదట ఏమీ ఉండదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకోవచ్చు. మూడు అనేసరికి వెనకనుంచి ఎవరో తోసినట్టుంటాది. మనం పోతాండామా, అది ఎత్తకపోతాందా, తెలీదు."

వాకిట్లో కూర్చున్న పెద్దనాయన అది విన్నారు. లేచి షెడ్డులోకి పోయి, ఇళ్లల్లో దీపాలకు పెట్టే చిన్న ఇత్తడి స్విచ్చి ఒకటి వెతికి తెచ్చి, మా ఆయన కూర్చునే వైపు మోకాలి దగ్గర బిగించడం మొదలుపెట్టారు. దాన్ని కిందికి నొక్కితే ఇంజనుకు కరెంటు ఆగిపోతుంది.

"కారుకు తాళం ఉండనే ఉండాదే మామా," అన్నారు మా ఆయన.

"తాళం నడిపేవాని చేతి కాడ ఉండాది. వాని చేతులు ఖాళీ ఉండొద్దా? నీ చేతి కాడ ఒకటుండల్ల. గమ్మున కూచో."

నేను అన్నం పెట్టేటప్పుడు 'ఆపేదెవరు' అని అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది ఆయన ఒక్కరే.

తెల్లవారుజామున లేచి తలస్నానం చేశాను. ఇంటి దేవునికి దీపం పెట్టాను. నాయన మగ్గం దగ్గరనుంచి తెచ్చుకున్న పట్టుదారపు చిలప, చిన్న దారపు కట్ట, ఒకటి నా పెట్టెలో ఉండేది. రెండు పోగులు తీసి పసుపు పూశాను. ఒకటి నా మణికట్టుకు కట్టుకున్నాను, ఆయన తిరిగొచ్చాక విప్పుతానని మొక్కుకుంటూ. రెండో దానికి ఎండు పసుపు కొమ్ము ముడివేసి షెడ్డులోకి పోయాను. వాళ్లింకా లేవలేదు.

ఎక్కడ కట్టాలో చాలాసేపు చూశాను. చక్రానికి కడితే తెగుతుంది. స్టీరింగుకు కడితే షావుకారు కొడుకు నవ్వి తీసేస్తాడు. దీపం పక్కన ఆ గొట్టం మూతి నల్లగా తెరుచుకుని ఉంది. అది ఆ బండికి నోరు అని నాకు బాగా తెలుసు. దాని మెడకు దారం చుట్టి, కొమ్ము కనబడకుండా అంచు లోపలికి వదిలాను. మసక చీకట్లో, తొందరలో వేసిన ముడి అది. కళ్లు మూసుకుని, "స్వామీ, ఆయన్ను తిరిగి ఇంటికి తెచ్చి అప్పగించు" అన్నాను. ఆ మాట బండితో అంటున్నానో దేవునితో అంటున్నానో ఆ క్షణాన నాకే తెలియలేదు.

వాళ్లు బయలుదేరారు. ఈల వీధి చివర దాకా వినబడింది, ఆ తరువాత లేదు. నేను గడపలో నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. మళ్లీ మొదటికి వచ్చాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. పెద్దనాయన వచ్చి గిన్నె దించి, "కూచోమ్మా" అన్నారు. ఆయనా కూర్చోలేదు.

రెండో వార్త కూడా పూలామే తెచ్చింది. గంప లేకుండా పరిగెత్తుకుంటూ వచ్చింది. పెనుకొండ నుంచి మొదటి బస్సు నడుపుకొచ్చిన డ్రైవరు ఆమెకు మరిది.

"అమ్మా, కారు తిరగబడిండాదంట. మీ ఇంటాయన బతికుండాడు. ముందు అది విను. బతికుండాడు. పెనుకొండ ఆస్పత్రిలో ఉండాడు."

ఆ మాట ముందు చెప్పినందుకు ఆమెకు ఈనాటికీ చేతులెత్తి మొక్కుతాను.

పెనుకొండకు బస్సులో పోయాం, నేనూ పెద్దనాయనా. మా ఆయనకు భుజం విరిగింది, పక్కటెముకలు మూడు విరిగాయి. షావుకారు కొడుక్కు కాలు విరిగింది. ఊపిరి అందక అంచెలంచెలుగా చెప్పారు ఆయన. నిటారు రోడ్డు మీద మూడు లెక్కపెట్టగానే ఎప్పటిలా తోసింది. ఉన్నట్టుండి ఈల ఆగి లోపల ఏదో పగిలిన చప్పుడు. షావుకారు కొడుకు కాలు తీసేశాడు. అయినా బండి తగ్గలేదు. ఎదుట మలుపు, మలుపులో కొండ నుంచి దిగిన గుండ్లు. వాడు రెండు చేతులా స్టీరింగును పట్టుకుని అరుస్తున్నాడు. మా ఆయన చెయ్యి మోకాలి దగ్గరికి పోయింది.

"స్విచ్చి నొక్కితిని. జోరు తగ్గె. గుండ్లకు తగలకుండా వేరుశెనగ చేన్లో పడితిమి. మామా, ఆ స్విచ్చి లేకుంటే..."

పెద్దనాయన ఆయన పాదం మీద చెయ్యి వేసి, "గమ్మునుండప్పా, ఊపిరి పీల్చుకో" అన్నారు.

నాకు అప్పటికింకా ఏమీ తోచలేదు. దేవుడు నా మాట విన్నాడని మాత్రం అనుకున్నాను.

పదిహేను రోజులకు నత్తను విప్పారు. మా ఆయన షెడ్డులో మంచం మీద, చెయ్యి కట్టుకట్టి. షావుకారు కుర్చీలో. నేను అందరికీ మజ్జిగ తెచ్చాను. పెద్దనాయన మరలు తీసి, గాలి వైపు మూత ఎత్తి లోపలికి చూశారు. ఆయన చెయ్యి ఆగిపోయింది. రెండు రెక్కలు విరిగి ఉన్నాయి. ఇరుసు చుట్టూ పచ్చటి దారం బిగిసి ఉంది. తెల్లటి లోహం మీద పసుపు మరక. మజ్జిగ అందించడానికి వంగి ఉన్నాను కనుక నాకు కనబడింది. మంచం మీద ఉన్నవారికి, కుర్చీలో ఉన్నవారికి కనబడదు.

పెద్దనాయన తలెత్తారు. నా ముఖం చూడలేదు. నా మణికట్టు చూశారు. నేనింకా విప్పని దారం అక్కడ ఉంది.

చిన్న కత్తితో లోపల ఏదో గీకినట్టు గీకి పిడికిలి మూశారు.

"ఏమున్నింది?" అన్నాడు షావుకారు.

"ఇసుక," అన్నారు. "గొట్టం వంచినప్పుడు అట్టకట్టి లోపల నిలిచిండాది. ఊడొచ్చి చక్రాన్ని కొట్టె. విరిగిన రెక్కముక్క పోయి ఇంజన్ గొంతుకాడ గాలిని మూసే పలకలో ఇరుక్కునె. అందుకే కాలు తీసినా మూసుకోలేదు. తప్పు నాదే."

"మామా, మూడుసార్లు గుడ్డ లాగితివే! గోలీ ఇడిస్తివే!" మా ఆయన లేవబోయి నొప్పికి పడిపోయారు.

"లాగితి. ముసిలోన్నప్పా. కండ్లు సరిగ్గా అగుపడ్డం లేదు."

షావుకారు అనాల్సిన మాటలు, అనకూడని మాటలు అన్నీ అన్నాడు. "కండ్లు లేనోనివి ఇంట్లో కూచోవల్ల గానీ, మనుషుల ప్రాణాలతో ఆడేది ఏంది?" అన్నాడు. మా ఆయన ఒక్క మాటే అన్నారు. "నా కొంప తీసేవాడివి మామా." అని గోడవైపు తిరిగారు.

గోలీ చప్పుడు విన్న చెవులు నావి. దారం కట్టిన చేతులు నావి. మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డాను. ఇంత రాసినదాన్ని, ఆ ఒక్క మాట ఆ రోజు ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ రాయలేను. భయం అంటే సరిపోదు.

పెద్దనాయన సంచి సర్దుకుని మధ్యాహ్నం రైలుకు ధర్మవరం వెళ్లిపోయారు. నెల తిరక్కముందే హిందూపురంలో, పెనుకొండలో, రొద్దంలో అందరికీ తెలిసింది, ఆయన గొట్టాల్లో ఇసుక మిగులుతుందని. మళ్లీ ఎవరూ కబురు పంపలేదు.

ఆ ఏడే పుట్టింటికి పోయినప్పుడు ఆయన ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో కూర్చుని ఎవరిదో మగ్గం ఇనుపచువ్వను సరిచేస్తున్నారు. నన్ను చూసి పీట వేశారు. నేను కూర్చోలేదు, కాళ్ల మీద పడ్డాను.

"లే, లే. వీధిలోవాళ్లు చూస్తే అప్పు అడిగేదానికొచ్చిందనుకుంటారు."

"ఎందుకట్ల చెప్పినారు పెద్దనాయనా?"

చువ్వను కంటికి ఆనించి వంకర చూసుకుంటూ చెప్పారు. "నువ్వు కొమ్ము కట్టింది వాడు బతకల్లనే గదా. నేను స్విచ్చి పెట్టింది గూడా అందుకే. ఇద్దరమూ ఒకటే పని చేస్తిమి తల్లీ. నాది పనిచేసె, నీది చెయ్యలే. దానికి నువ్వు ఇంట్లో, వీధిలో బతుకంతా మాటలు పడల్లనా?"

"మీ పేరు పోయె గదా."

"నాకింకా ఎన్ని గొట్టాలు వంచేదుండాది? నీకు చానా కాపురముండాది. పో, మీ అవ్వ ఎదురుచూస్తాంటాది."

ఆయన వద్దన్నా నేను మా ఆయనకు చెప్పాను. తిరిగొచ్చిన రోజే చెప్పాను, దేవుని ముందు నిలబడి. మరుసటి రోజు ఆయన రైలెక్కి ధర్మవరం పోయారు. సాయంత్రానికి తిరిగొచ్చారు.

"అడిగితిని. నవ్వె. 'నీ పెండ్లాముది మెత్తని మనసప్పా, నా మీద జాలితో తప్పు తన మీద ఏసుకుంటాంది, అది ఇసుకే' అనె. ఒట్టేసి చెప్పె."

"నేను చెప్పేది నిజం."

"ఆయనా అట్లనే అనె," అన్నారు మా ఆయన. చెప్పులు విడవకుండా అరుగు మీద అట్లనే కూర్చున్నారు. ఆ తరువాత ఆయన ఉన్నన్నాళ్లూ ఏటా ఒకసారి ధర్మవరం పోయి మామను చూసి వచ్చేవారు. క్షమించడానికి పోయేవారో, క్షమాపణ అడగడానికి పోయేవారో నాకు చెప్పలేదు. ఆయనకే తెలియదనుకుంటాను.

మణికట్టు దారం నేను విప్పలేదు. అదే కొన్నేళ్లకు చివికి రాలిపోయింది. ఆ ప్రమాదం తరువాత దేవుడు మాకు ఇద్దరు బిడ్డలను, ఇరవై ఏళ్లకు పైబడి కాపురాన్ని ఇచ్చాడు. ప్రతి పొద్దూ దీపం పెట్టి కృతజ్ఞత చెప్పేటప్పుడు దేవుని పేరు వెంటే ఆ ఇత్తడి స్విచ్చి గుర్తొస్తుంది. అందులో అపచారమేమీ లేదనుకుంటాను.

పెద్దనాయన పోయారు. మా ఆయనా పోయారు. ఇప్పుడు ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. పుణ్యమూర్తులారా, ఇది చదివినవారు నన్ను మరిచిపోండి. ధర్మవరంలో ఒక పెద్దాయన ఉండేవారని, గొట్టాలు వంచేవారని, ఆయన వంచిన గొట్టంలో ఇసుక లేదని, ఆ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నేను చెవి పెట్టి విన్నాను. అది ఏడవలేదు.